ఇంటిల్లిపాదికీ జలుబు

ఓవెన్ కూత పెట్టేసరికి ఆమె చేతిలో ఉల్లిపాయ ఇంకా సగమే తరిగి ఉంది. గోడ గడియారం వంక చూసింది. కోడిని లోపల పెట్టి ఇరవై రెండు నిమిషాలు. ఇరవై రెండు నిమిషాల్లో ఉడికిందంటే నమ్మడానికి అదేమీ కోడిగుడ్డు కాదు, కిలోన్నర కోడి. అయినా ఓవెన్ మొహాన ఎర్రంకెలు డెబ్బై ఎనిమిది అని చూపిస్తున్నాయి.

వంగి గాజు తలుపులోంచి చూసింది. కోడి రొమ్ములో గుచ్చిన ఉక్కు సూది, దానికున్న పొడవాటి తీగ, ఆ తీగ చివర ఓవెన్ ఎడమ గోడలో దూర్చిన పిన్ను, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. మాంసం నడిమధ్యలో వేడి ఎంతుందో ఆ సూది చెబుతుంది. డెబ్బై అయిదు దాటగానే ఓవెన్ కూత పెట్టి తనంతట తానే ఆగిపోతుంది. ఓవెన్ కొన్న కొత్తలో ఆమె ఆ సూదిని చూసి నవ్వి సొరుగులో పడేసింది. మాంసం ఉడికిందో లేదో నాకు ఇంకొకరు చెప్పాలా అంది. కిందటేడు జ్వరం వచ్చి తగ్గాక, ఒకరోజు ఎవరూ చూడకుండా ఆ సొరుగు తెరిచి సూదిని పైకి తీసింది. జ్వరం పోతూ పోతూ వాసనని కూడా పట్టుకుపోయింది. ఉప్పూ కారం నాలుకకి లీలగా తగులుతాయి, అంతే. ఈ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరి చెవినా వేయలేదు.

వేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అయ్యో పాపం అంటారు, ఇక నువ్వు కూర్చో అంటారు, వంటిల్లు కోడలి చేతికి పోతుంది. కోడలు మంచిదే. కానీ ముప్పై నాలుగేళ్ళుగా తాను నిలబడిన చోటు అది. అక్కడ కాకపోతే ఈ ఇంట్లో ఇంకెక్కడ నిలబడాలో ఆమెకి తెలియదు.

ఇరవై రెండు నిమిషాలు చాలవని చెయ్యి చెబుతూనే ఉంది. అంకె మాత్రం అయిపోయిందంటోంది. ముక్కు పోయిన దగ్గర్నుంచి ఆమెకి తన చేతిమీద కూడా నమ్మకం సడలింది. అంకెనే నమ్మి కోడిని బయటికి తీసింది.

భోజనాల బల్ల దగ్గర భర్త కత్తి పెట్టి తొడ విడదీశాడు. ఎముక పక్కన మాంసం గులాబీ రంగులో ఉంది. పళ్ళెంలోకి పలచగా రక్తం కారింది.

“దానికేం, కాసేపు మళ్ళీ లోపల పెడితే సరి,” అన్నాడాయన. ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ ఆయన. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. ఏం మాట్లాడాలో తోచనప్పుడు ఆ జేబు తడుముకుంటాడు. ఇప్పుడూ తడుముకున్నాడు.

అత్తగారు అసలేమీ అనలేదు. బంగాళాదుంప ముక్క నోట్లో వేసుకుని గోడ వంక చూస్తూ నమిలింది. ఆమెకి అదే ఎక్కడో గుచ్చుకుంది. ఒకప్పుడు ఈవిడ వంక పెట్టకుండా బల్ల దగ్గర్నుంచి లేచిన పూట లేదు. ఉప్పెక్కువ, పులుపు తక్కువ, ముక్క పెద్దది, ముక్క చిన్నది. అలాంటి మనిషి ఏడాదిగా ఏది పెట్టినా నోరెత్తకుండా తినేస్తోంది. వయసు మీద పడి మెత్తబడిందని ఆమె సరిపెట్టుకుంటూ వచ్చింది. పచ్చి కోడిని తెచ్చి ముందు పెట్టినా ఊరుకునేంత మెత్తబడతారా ఎవరైనా?

కోడలు కుర్చీలోంచి లేచి వెళ్ళి వంటింటి కిటికీ బార్లా తెరిచింది.

“ఎందుకే, చలిగాలి కొడుతుంటే?”

“కాస్త గాలి ఆడుతుందని, అత్తయ్యా.”

ఓవెన్ వేసిన ప్రతిసారీ ఇదే వరస. పది రోజులుగా గమనిస్తోంది. తన వంట వాసన ఈ పిల్లకి గిట్టడం లేదని ఆమె తేల్చుకుంది. ఆ వాసన ఎలా ఉందో తెలిసి ఉంటే నిలబెట్టి పోట్లాడేది. తెలియకపోయె. పళ్ళ బిగువున ఊరుకుంది.

సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసింది. ఆదివారం మధ్యాహ్నం అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు భోజనం, పద్దెనిమిది మంది. రెండు మేక తొడలు ముక్క కొట్టకుండా అలాగే ఓవెన్లో కాల్చి పెడతానని ఆమె నెల ముందే అందరికీ చెప్పింది.

“నీకెందుకీ అవస్థ? బయట చెప్పేద్దాం. నీకూ వయసొస్తోంది కదా. వంటిల్లు ఆ పిల్లకి అప్పజెప్పి హాయిగా ఉండరాదూ?” అంది ఆడపడుచు.

“అవస్థేముంది వదినా, చేసేది ఓవెనేగా!” అని నవ్వింది ఆమె.

ఫోన్ పెట్టేశాక నవ్వు ఎటో పోయింది. సూది తీసి గుడ్డతో తుడిచింది, మళ్ళీ తుడిచింది. ఆదివారానికి మధ్యలో మూడు రోజులే ఉన్నాయి.

* * *

గురువారం పొద్దున్న మొదటి పనిగా ఓవెన్ తాలూకు చిన్న పుస్తకం వెతికింది. బియ్యం డబ్బా వెనకాల దొరికింది. కళ్ళజోడు పెట్టుకుని వేలు కింద పెట్టి చదివింది. పిన్ను టక్కుమనే వరకూ లోపలికి నెట్టాలట. నెట్టింది. తీసి మళ్ళీ నెట్టింది. అలా పదిసార్లు టక్కు టక్కుమనిపించింది. సూదిని, పిన్నుని నీళ్ళలో ముంచి కడగకూడదట. తానెప్పుడూ కడగలేదు. కోడలేమైనా కడిగిందా? అడిగితే అనుమానపడినట్టుంటుంది. అడగకపోతే ఆ అనుమానం కడుపులోనే తిరుగుతూ ఉంటుంది. అడగలేదు.

అగ్గిపుల్లకి దూది చుట్టి ఓవెన్ గోడలో పిన్ను దూరే బెజ్జంలో తిప్పింది. నల్లటి జిడ్డు వచ్చింది. తెల్లటి దూది తెల్లగానే బయటికి వచ్చేవరకూ ఆరు పుల్లలు వాడింది. పిన్ను దూర్చింది. ఓవెన్ వేయకుండానే అంకె ఇరవై ఆరు చూపించింది. గది వేడి అంతే ఉంటుంది, సరే. గ్లాసులో ఐసు ముక్కలు వేసి నీళ్ళు పోసి సూది ముంచింది. ఒకటి. కెటిల్లో నీళ్ళు మరగబెట్టి, ఓవెన్ ముందు ముక్కాలిపీట మీద పెట్టి, తీగ సాగినంత మేర సాగదీసి సూది మొన ముంచింది. తొంభై తొమ్మిది.

ఆమె మొహం విప్పారింది. సూది అబద్ధం చెప్పడం లేదు.

అప్పుడు ఒక పెద్ద బంగాళాదుంపకి సూది గుచ్చి, ఓవెన్ వేసి, ముక్కాలిపీట మీద తానే కూర్చుంది. ముప్పై ఒకటి. ముప్పై నాలుగు. ముప్పై ఎనిమిది. పన్నెండో నిమిషం వరకూ బుద్ధిగా నడిచింది. ఉన్నట్టుండి అరవై ఒకటి. వెంటనే ముప్పై తొమ్మిది. అక్కణ్ణుంచి తొంభై. ఓవెన్ కూత పెట్టి ఆగిపోయింది. దుంప తీసి నొక్కితే రాయిలా ఉంది. తీగ పైనున్న కాయిల్‌కి తగులుతోందేమోనని పక్కకి జరిపి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే వరస. తలుపు తెరిచి చల్లారనిచ్చింది. చల్లారిందో లేదో అంకె మళ్ళీ బుద్ధిమంతురాలైంది.

చల్లగా ఉంటే బాగానే ఉంది, వేడెక్కితే మతి పోతోంది. అయితే జబ్బు సూదిది కాదు. పిన్ను దూరే ఆ గోడ వెనక ఏదో ఉంది. ఈ మాత్రం తేల్చడానికి ఆమెకి ముక్కు అక్కర్లేకపోయింది. కాసేపు గర్వంగా కూడా అనిపించింది.

ఈ తతంగం నడుస్తున్నంతసేపూ కోడలు నాలుగుసార్లు వంటింట్లోకి వచ్చింది. మందుల షాపులో ఆ పిల్ల పని మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. మొగుడు పని మీద వేరే ఊరెళ్ళాడు. తోచక తిరుగుతోందనుకోవచ్చు. వచ్చిన ప్రతిసారీ గ్లాసుడు నీళ్ళు పట్టుకోవడం, ఓవెన్ వంక ఓ చూపు, తన వంక ఓ చూపు, పెదాలు కదిపినట్టు చేయడం, నీళ్ళు తాగేసి కిటికీ రెక్క ఇంకాస్త నెట్టి వెళ్ళిపోవడం. నాలుగోసారికి ఆమెకి ఒళ్ళు మండింది.

“ముందుగదిలో కూజా నిండా నీళ్ళున్నాయి కదే. ఇక్కడి నీళ్ళకేమైనా తీపా?”

కోడలి మొహం చిన్నబోయింది. “ఏం లేదత్తయ్యా,” అని గ్లాసు బోర్లించి వెళ్ళింది.

అన్నాక ఆమెకే బాధేసింది. ఆ వెంటనే, నా కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తోందేమో అన్న ఆలోచన వచ్చి ఆ బాధని మింగేసింది. లేచి ఇల్లంతా ఓ చుట్టు తిరిగింది. భర్త టీ గ్లాసు పట్టుకుని వీధి మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా టీ తాగేది మిషన్ దగ్గర. అత్తగారి గది తలుపు మూసి ఉంది. తలుపు కింద సందులో తువ్వాలు చుట్టి అడ్డం పెట్టి ఉంది. చలికి కాబోలనుకుంది. వెనక్కొచ్చి మెకానిక్‌కి ఫోన్ చేసింది. రేపు పదింటికి వస్తానన్నాడు.

* * *

మెకానిక్ పొట్టిగా, లావుగా ఉన్నాడు. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ తలెత్తి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆమె దారి చూపించకుండానే తిన్నగా వంటింట్లోకి నడిచి ఓవెన్ ఎడమ పక్కన నిలబడ్డాడు.

“ఈ పక్కేనా అమ్మా?”

“ఈ పక్కే. మీకెలా తెలుసు?”

ఆయన ఆమె వంక చూసి, వేళాకోళమాడుతోందనుకుని నవ్వాడు. ఆమె కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. ఐసు నీళ్ళ సంగతి, మరిగే నీళ్ళ సంగతి, దుంప సంగతి వరసగా చెప్పింది. ఆయన తాడు కళ్ళజోడు పైకి ఎక్కించి శ్రద్ధగా విన్నాడు.

“సగం పని మీరే చేసేశారు. ఇంత బ్యాగు మోసుకుని నేనొచ్చిందెందుకో,” అన్నాడు.

మెయిను కట్టేయించి, ఓవెన్ని అరలోంచి ముందుకి లాగాడు. ఎనిమిది స్క్రూలు విప్పి సీసా మూతలో వేశాడు. ఎడమ పక్క రేకు పైకి లేపి తీసి గోడకి ఆనించాడు. టార్చి వేసి లోపలికి చూసి నాలుక చప్పరించాడు.

“ఇటు రండమ్మా. ఇదిగో, పిన్ను దూరేది ఇక్కడ. దీని వెనక నుంచి ఈ రెండు వైర్లూ పైన బోర్డుకి వెళ్తాయి. వీటిని లోపలి పెట్టెకి తగలకుండా పట్టుకునే క్లిప్పు విరిగిపోయింది. వైర్లు జారి పెట్టె మీద పడ్డాయి. పెట్టె వేడి మీకు తెలియంది కాదు.”

వైర్ల మీది తొడుగు నల్లబడి, బుడగలు లేచి, ఒకచోట కరిగి లోపలి రాగి కనిపిస్తోంది.

“చల్లగా ఉన్నప్పుడు దేని దారి దానిది. వేడెక్కి ఈ తొడుగు మెత్తబడేసరికి రెండూ ఒకదానికొకటి ఆనుకుంటున్నాయి. అవి ఆనుకున్నాయంటే ఓవెన్ లెక్కలో మాంసం ఉడికిపోయినట్టే. పాపం దాని తప్పేం లేదు.” చిన్న కత్తెరతో వైర్లు కత్తిరించి పాత పేపరు మీద పడేశాడు. “కానీ ఇది ఒక్క రోజులో అయిన పని కాదమ్మా. పది పన్నెండు రోజులుగా కాలుతోంది. పక్కనే మెయిను వైరు. ఇంకో నాలుగు రోజులు ఇలాగే పోనిస్తే మంటే. వీధి గుమ్మం దగ్గరే నా ముక్కు అదిరిపోయింది. ఇంత కమురు కొడుతుంటే ఇంట్లో ఒక్కరికీ తెలియలేదా? ఇంటిల్లిపాదికీ జలుబా?”

ఆమె పేపరు మీది వైర్ల వంక చూసింది.

“వస్తూనే ఉంది... వాసన. చూస్తూనే ఉన్నాం.”

“ఎలా వచ్చేదమ్మా? మొదట్నుంచీ ఇలాగే ఘాటుగానా, ఈమధ్యే ఎక్కువైందా?”

“అదే... మాంసం మాడినట్టు.”

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. కాలిన రబ్బరుకీ మాడిన మాంసానికీ తేడా తెలియని వంటమనిషిని ఆయన ఇంతవరకూ చూసి ఉండడు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది. ఆయన గొంతు సవరించుకుని, “సరేలెండి, కొత్త వైరు వేసేద్దాం,” అని తల ఓవెన్లోకి దూర్చేశాడు. ఆ తర్వాత వాసన మాటెత్తలేదు.

వేడికి ఓర్చే తొడుగున్న వైరు వేసి, రేకు క్లిప్పుతో పైకి బిగించి కట్టాడు. మళ్ళీ దుంప గుచ్చి ఓవెన్ వేసి చూశారు. అంకె మెట్టు మెట్టుగా ఎక్కింది. ఎక్కడా గెంతలేదు. వెళ్తూ ఆయన పేపరు మీది వైర్ల ముక్కలు చూపించి, “వీటిని ఇంట్లో ఉంచకండమ్మా. గదంతా పట్టేస్తుంది,” అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆమె ముక్కాలిపీట మీద కూలబడింది. సూది బాగైంది, ఆదివారం భోజనం గట్టెక్కుతుంది. మనసు కుదుటపడాల్సిన మాటే. పడలేదు.

వైరు ముక్క ఒకటి తీసి ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. కానీ ఈ ఇంట్లో తనది కాక ఇంకా మూడు ముక్కులున్నాయి. పది రోజులు. కిటికీ. మెట్ల మీద టీ. తలుపు కింద తువ్వాలు.

ఆ ముక్కని పేపర్లో చుట్టి, బియ్యం డబ్బా వెనక దాచింది.

* * *

శనివారమంతా ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మాంసం వచ్చింది. తొడల మీద కత్తి మొనతో గాట్లు పెట్టి, గాటుకో వెల్లుల్లి చీలిక దూర్చింది. మిరియాలు దంచింది. ఉప్పు చెంచాతో కొలిచి, వేసేశానో లేదో గుర్తురాక, తుడిచేసి మళ్ళీ కొలిచింది. నూనె రాసి తడిగుడ్డ కప్పింది. చేతులు కడుక్కుంది. ఇంక ఉండబట్టలేక పేపరు పొట్లం తీసుకుని ముందుగదిలోకి నడిచింది.

“ఏమండీ, ఈ వైరు చూడండి. దీనికేమైనా వాసన వస్తోందా?”

భర్త మిషన్ ఆపాడు. వైరు అందుకుని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. గొంతులో దగ్గు ఒకటి వచ్చి, బయటికి రాకుండానే ఆగిపోవడం ఆమెకి కనిపించింది.

“పాత వైరు. దీనికేం వాసనుంటుంది?” అన్నాడు. జేబు తడుముకున్నాడు.

అత్తగారు మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది. ఆ మంచం మీంచి కదలకుండా వీధిలో ఎవరింట్లో ఏం వేగుతోందో చెప్పగల మనిషి.

“నాకు చెవులే సరిగ్గా లేవు, ముక్కు సంగతి నన్నడుగుతావేంటి?” అంది, వైరు వంక చూడకుండానే.

కోడలు పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తోంది. మందుల షాపులో మూత తీసి వాసన చూసి ఏ టానిక్కో చెప్పే పిల్ల. వైరు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“లేదత్తయ్యా. ఏం రావట్లేదు,” అంది. అని, తుమ్మింది.

“ఆ తుమ్ము కూడా లేదా?”

కోడలు వైరు తిరిగి ఆమె చేతిలో పెట్టేసింది. ఆమెకి కోపం కట్టలు తెంచుకుంది. ఏడాదిగా తాను కడుపులో దాచుకున్నదాని చుట్టూ ఇంతమందీ చేరి నాటకమాడుతున్నారు. తాను దొంగలా చాటుగా సూది తీసి గుచ్చుతుంటే, వీళ్ళు అటు తిరిగి కూర్చున్నారు.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“కిందటేడు నుంచే.”

“తెలిసి ఒక్క మాట చెప్పవా? నా ఎదురుగా ముక్కులు మూసుకుని కూర్చుంటారా అందరూ? నేనేమైనా పిచ్చిదాన్నా?”

“దాన్నేమీ అనకు,” లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. చెవులు సరిగ్గా లేనిది ఎవరికో మరి. “చెప్పొద్దన్నది నేను. ఇటు రా.”

ఇద్దరూ ఆవిడ గదిలోకి వెళ్ళారు. వెనకే వచ్చిన భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు, తేలు కుట్టిన దొంగలా.

“నీకు జ్వరం తగ్గిన వారానికి కాఫీ ఇచ్చావు. పాలు పులిసి కంపు కొడుతున్నాయి. నువ్వేమో గ్లాసులు అందరికీ అందించి, తాగుతామా లేదా అని భయం భయంగా మొహాల్లోకి చూస్తున్నావు. నాకర్థమైంది. తాగేశాను. నేను తాగానని వీళ్ళూ తాగారు. మీ ఆయనైతే ఇంకో అరగ్లాసు పోయించుకున్నాడు.”

“నమ్మించాలిగా మరి,” అన్నాడు భర్త మెల్లగా. “మర్నాటి నుంచి పాలు నేనే కాస్తున్నా. నువ్వడగలేదు, నేను చెప్పలేదు.”

“నువ్వు చెప్పేవరకూ ఎవరూ నోరెత్తొద్దన్నాను,” అంది అత్తగారు. “నీకై నువ్వు చెబుతావేమోనని చూశాం. ఏడాదైంది.”

“ఇల్లంటుకుపోయేది!” అని అరిచింది ఆమె. “అది తెలుసా మీకు? ఇంకో నాలుగు రోజులైతే మంటేనట. నన్ను బాధపెట్టకూడదని అందరూ కలిసి కాలిపోయేవాళ్ళా?”

కోడలు కళ్ళు తుడుచుకుంది.

“రోజూ చెబుదామనే వంటింట్లోకి వచ్చేదాన్ని అత్తయ్యా. మీరు తలెత్తి చూసేసరికి నోరు పెగిలేది కాదు. ఏం చెయ్యాలో తెలీక నీళ్ళు తాగి వెళ్ళిపోయేదాన్ని. ఈ వారం నేను తాగినన్ని నీళ్ళు ఎవరూ తాగుండరు. పొగేమైనా కమ్ముకుంటుందేమోనని కిటికీ మాత్రం తీసేదాన్ని.”

“కిటికీ తీస్తే వైరు కాలడం ఆగుతుందిటే?”

మొదట నవ్వింది అత్తగారు. పళ్ళు లేని నోరు రెండు చేతులతో మూసుకుని, మంచం కదిలేలా నవ్వింది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మంచం పట్టె మీద కూర్చుంది. వంటిల్లు తన చేతిలోంచి లాక్కుంటారని భయపడ్డానని చెప్పేసింది. పైకి అనేశాక ఆ భయం అంత పెద్దదిగా అనిపించలేదు.

“లాక్కుంటే నువ్వెక్కడికి పోతావు? పొద్దస్తమానం నా పక్కనే కూర్చుంటావు,” అంది అత్తగారు. “నాకెందుకా గొడవ?”

* * *

ఆదివారం పదకొండింటికి తొడలు రెండూ ఓవెన్లో ఉన్నాయి. ఆడపడుచు వచ్చీ రాగానే సంచీ బల్ల మీద పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడింది. అంకె యాభై ఎనిమిది చూపిస్తోంది.

“ఏదో మాడుతున్నట్టుంది, చూసుకున్నావా?” అంది.

ముందుగదిలో మాటలు ఠక్కున ఆగిపోయాయి. భర్త గబగబా లేచి వచ్చాడు. “ఏం లేదక్కా, వీధిలోంచి ఏదో...” అని మొదలుపెట్టాడు.

“ఉండండి,” అంది ఆమె. గుడ్డతో చేతులు తుడుచుకుని ఆడపడుచు వైపు తిరిగింది. “నాకు వాసన తెలియదు వదినా. కిందటేడు జ్వరంలో పోయింది. మాడుతోందో లేదో కోడల్ని అడుగుదాం.” గొంతెత్తి పిలిచింది. “ఇలా రావే! ఏం వాసనొస్తోందో చెప్పు.”

కోడలు పరుగులాంటి నడకతో వచ్చింది. ఓవెన్ తలుపు జానెడు తీసి, కళ్ళు మూసుకుని పీల్చింది.

“మాంసం కాదత్తయ్యా. కొవ్వు కరిగి కింద పళ్ళెంలో పడి మాడుతోంది. మాంసం మాత్రం మంచి వాసనొస్తోంది. మిరియాలు తెలుస్తున్నాయి. వెల్లుల్లి ఇంకా పచ్చిగా ఉంది.”

“పచ్చిగా అంటే? తరిగినప్పటిలాగానా, కాస్త మగ్గినట్టా?”

కోడలు మళ్ళీ పీల్చింది. “కాస్త మగ్గినట్టే. తియ్యదనం ఇంకా రాలేదు.”

ఆమె పళ్ళెంలో గ్లాసుడు నీళ్ళు పోసి తలుపు మూసింది. ఆడపడుచు నోరు తెరుచుకుని చూస్తోంది.

“మరి ఏడాదిగా వంటంతా...?”

“ఏడాదిగా సూది పెట్టి నెట్టుకొచ్చాను. ఇవాళ్టి నుంచి సూదితో పాటు దీని ముక్కు కూడా.”

“అందుకేగా ఆ పిల్లకి అప్పజెప్పమంది!”

“అప్పజెప్పాను వదినా, ముక్కు వరకు. గరిటె నా దగ్గరే ఉంటుంది.”

డెబ్బై అయిదు దాటగానే ఓవెన్ కూత పెట్టింది. ఆమె తలుపు తీసి వేలితో మాంసం నొక్కి చూసింది. చెయ్యి అయిందంది, సూదీ అయిందంది. కోడలి వంక చూసింది. కోడలు వాసన పట్టి, ఇంకో అయిదు నిమిషాలన్నట్టు చెయ్యి చూపించింది. ఆమె ఓవెన్ని మళ్ళీ వేసింది.

బల్ల చుట్టూ చోటు చాలక కొందరు మిషన్ పక్కన, కొందరు మెట్ల మీద పళ్ళేలు పట్టుకున్నారు. భర్త కత్తి పెట్టి కోశాడు. ఎముక దాకా గోధుమరంగే. మొదటి ముక్క అత్తగారి పళ్ళెంలో పడింది. ఆవిడ చిన్న తుంపు తీసుకుని నోట్లో వేసుకుంది. పళ్ళు లేని నోట్లో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు నమిలింది. పక్కవాళ్ళ చేతులు పళ్ళేల దగ్గరే ఆగాయి.

“ఉప్పు తగ్గింది,” అంది అత్తగారు.

“అమ్మా! పుట్టినరోజు పూట కూడానా?” అంది ఆడపడుచు.

“తగ్గిందంటున్నాగా. ముక్క కూడా పెద్దది.”

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఉప్పు సీసా కళ్ళెదురుగానే ఉంది. అయినా రెండు మూడు డబ్బాలు తీసి పెట్టాకగాని చేతికి దొరకలేదు. ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, సీసా తెచ్చి అత్తగారి పక్కన నిలబడింది.

“ఎంత తగ్గింది, అత్తయ్యా?” అని అడిగింది.